అమ్మేవాడి ప్రశ్న

"ఎందుకమ్ముతున్నవన్నా?"

పాత వస్తువు బేరానికి పెట్టిన ఎవరికైనా ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. ఆబిడ్స్ దుకాణాల్లో అయితే "కైకు బేచ్‌రే భాయ్?" అంటారు. ఎన్ని జీబీ, బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది, బిల్లుందా, ఛార్జర్ అసలుదేనా అన్నవన్నీ ఆ తర్వాతే. ఎంత తిప్పి చూసినా, ఎన్ని మీటలు నొక్కి చూసినా, ఆ వస్తువు గురించి అమ్మేవాడికి తెలిసినంత తనకు తెలియదని కొనేవాడికి తెలుసు. అందుకే వస్తువుని పక్కనపెట్టి మనిషిని అడుగుతాడు. అంత బాగుంటే నువ్వే ఉంచుకునేవాడివి కదా అని దాని భావం.

ఈ ప్రశ్నకి ఇప్పుడు చాలామంది దగ్గర తయారుగా ఉండే జవాబు "మ్యాక్‌కి మారుతున్నా". చెప్పడానికి గౌరవంగా ఉంటుంది. వస్తువులో లోపమేం లేదు, నా అవసరమే మారింది అనే అర్థం వస్తుంది. పోయిన డిసెంబరులో నా పాత లాప్‌టాప్ అమ్మకానికి పెట్టినప్పుడు నా జవాబు కూడా అదే. అది నిజమే. నేను పనిచేసే చోట పుస్తకాల లేఅవుట్ పని మొత్తం మ్యాక్ మీదికి వెళ్ళిపోయింది. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసుకున్న ఫైళ్ళన్నిటినీ కూర్చుని యూనికోడ్‌లోకి మార్చుకున్నాను. ఎనిమిదేళ్ళుగా వేళ్ళకి పట్టిన అలవాట్లు మార్చుకోవడానికి సిద్ధపడ్డాను. అయితే జవాబు నిజమైనంత మాత్రాన సరిపోతుందా? అడిగినదానికి నిజం చెప్పి, అడగనిదాని దగ్గర ఊరుకుంటే అమ్మేవాడి బాధ్యత తీరినట్టేనా?

అడగని విషయం ఏమిటో ముందు చెప్పాలి.

నా లాప్‌టాప్ 2017లో కొన్నది. అందులో ఉన్నది విండోస్ 10. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చినప్పుడు దానికి కొన్ని షరతులు పెట్టారు. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే, ఒకటి రెండు మినహాయింపులు పోను, ఎనిమిదో తరందో ఆ తర్వాతదో అయ్యుండాలి. నాది ఏడో తరం. ఇక విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకున్న మామూలు వాడకందారులకి 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు ఉంది.

అప్‌డేట్లు ఆగిపోవడమంటే మర్నాటి నుంచి మిషన్ పనిచేయకపోవడం కాదు. అదే తెర, అదే వేగం, అవే బొమ్మలు. కానీ ఇకమీదట అందులో ఏదైనా కంత ఉన్నట్టు బయటపడితే దాన్ని పూడ్చే మనిషి ఉండడు. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని మానేసిన రోజు ఇల్లు ఎలా కనిపిస్తుంది? నిన్నటిలాగే కనిపిస్తుంది. ఆ సంగతి దొంగకి ముందు తెలుస్తుంది, అద్దెకి దిగేవాడికి చివర తెలుస్తుంది.

ఇలాంటి లోపం పాత బజార్లకి కొత్త. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొనేటప్పుడు మనకి అమ్మేవాడి నిజాయితీతో పెద్దగా పని లేదు. పేజీలు తిరగేస్తే తెలిసిపోతుంది. అట్ట చినిగింది, నలభై ఆరో పేజీ లేదు, చెదలు ఒక మూల తిన్నాయి. లోపం మన చేతిలోనే ఉంటుంది. పైగా పాత యజమాని గుర్తులు మనకి ఇష్టం కూడా. ఎవరో ఎవరికో పుట్టినరోజుకి ఇస్తూ రాసిన సంతకం, పెన్సిలుతో గీసిన గీతలు చూసి మురిసిపోతాం. పశువుల సంతలోనూ అంతే. కొనేవాడు పళ్ళు పట్టి వయసు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు, ఆ తర్వాతే తువ్వాలు కింద చేతులు కలుస్తాయి. నేనుండే గౌలిగూడ పేరులోని గౌలి అనే మాటకి పాడిపశువులు పెంచేవాడనే అర్థం. అలాంటివాడికి గొడ్డుని చూడగానే సగం చరిత్ర తెలిసిపోతుంది. లాప్‌టాప్‌కి పళ్ళు లేవు. ఉన్నా, దాని ఆయుష్షు అందులో లేదు, ఎక్కడో ఒక కంపెనీ ప్రకటించిన తేదీలో ఉంది. ఆ తేదీ తెలిసినవాడికి తెలుసు, తెలియనివాడికి మిషన్ ఎన్నిసార్లు తిప్పి చూసినా తెలియదు.

అటువంటి లోపం గురించి చట్టం ఏమంటుందో చూద్దాం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం పదిహేడో సెక్షన్ మోసానికి నిర్వచనం ఇస్తుంది. అక్కడ ఒక వివరణ ఉంది: ఎదుటివాడి నిర్ణయాన్ని మార్చగల విషయం గురించి ఊరికే మౌనంగా ఉండడం మోసం కాదు. మాట్లాడవలసిన బాధ్యత ఉన్న సందర్భంలో, లేదా ఆ మౌనమే మాటతో సమానమైన సందర్భంలో మాత్రమే అది మోసం. ఆ చట్టం రాసినవాళ్ళకి ఉదాహరణలివ్వడం అలవాటు. ఏ అనే మనిషి బీ అనే మనిషికి వేలంలో ఒక గుర్రాన్ని అమ్ముతాడు. గుర్రానికి జబ్బుందని ఏకి తెలుసు, చెప్పడు. ఇది మోసం కాదు. రెండో ఉదాహరణ దగ్గరికొచ్చేసరికి అదే గుర్రం, అదే మౌనం, కానీ బీ ఎవరంటే ఏ కూతురు, అప్పుడే మేజరైన పిల్ల. అప్పుడు చెప్పి తీరాలి అంటుంది చట్టం. ఆ బంధమే చెప్పవలసిన బాధ్యతని తెచ్చిపెడుతుంది. మూడో ఉదాహరణలో బీ అంటాడు: "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను." ఏ నోరు విప్పడు. ఆ మౌనం మాటతో సమానం.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడల్లా నాకు రెండోదే ఎక్కువ గుచ్చుకుంటుంది. పరాయివాడికి జబ్బు గుర్రాన్ని అంటగట్టొచ్చు, కూతురికి కూడదు. చట్టానికి అంతకంటే దారి లేదేమో. ప్రతి అమ్మకందారు నోట్లోంచి ప్రతి లోపం రాబట్టడం కోర్టుల వల్ల కాదు. కానీ మనుషుల మధ్య పరాయితనం ఎక్కడ మొదలవుతుందో ఈ ఊళ్ళో అంత తేలిగ్గా చెప్పలేం. ఇక్కడ బేరం చుట్టరికంతోనే మొదలవుతుంది. అన్నా, తమ్మీ, అక్కా, భయ్యా, పెద్దమ్మా, చాచా. కోఠిలో చెప్పులు కొన్నా, జాంబాగ్‌లో పూలు కొన్నా, ముందు చుట్టరికం కలుపుకుని తర్వాత ధర అడుగుతాం.

అవి ఉత్త మర్యాద మాటలే కదా అనొచ్చు. నిజంగా ఉత్త మాటలే అయితే బేరం ఎక్కడ చిక్కుకుంటే అక్కడ వాటిని ఎందుకు పైకి తీస్తాం? "అన్నా, నీ తమ్ముడనుకో, ఒక ఐదొందలు తగ్గించు" అంటాడు కొనేవాడు. "నిన్ను మోసం చేస్తనా తమ్మీ, రేపు మళ్ళ మొహం చూడాలె గద" అంటాడు అమ్మేవాడు. ఇద్దరూ ఆ చుట్టరికం మీద ఏదో ఒకటి రాబట్టుకుంటూనే ఉన్నారు. ధర తగ్గించడానికి పనికొచ్చిన బంధం నిజం చెప్పడానికి పనికిరాదంటే ఎలా? అన్నా అని పిలిపించుకుని ఆ పిలుపుతో వచ్చిన నమ్మకాన్ని ధరలో కలుపుకున్నవాడు, లోపం దగ్గరికొచ్చేసరికి "నువ్వెవరో నేనెవరో" అనలేడు. అన్నా అని పిలిచి నమ్ముతున్న మనిషి ఒకరకంగా ఆ మూడో ఉదాహరణలోని మాటే అంటున్నాడు: నువ్వు కాదనకపోతే బాగున్నట్టే అనుకుంటాను.

ఈ వాదం కొత్తదేం కాదు. క్రీస్తు పూర్వం 44లో సిసెరో కర్తవ్యాల గురించి రాసిన పుస్తకంలో ఒక ధాన్యం వ్యాపారి ఉంటాడు. రోడ్స్ దీవిలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఓడనిండా ధాన్యంతో అందరికంటే ముందు చేరుకున్నాడు. వెనక ఇంకా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివాళ్ళకి తెలియదు. చెప్పాలా, చెప్పకుండా మంచి ధరకి అమ్ముకోవాలా? ఇద్దరు స్టోయిక్ గురువుల చేత సిసెరో ఈ వాదన చేయిస్తాడు. డయోజనీస్ అంటాడు, చట్టం చెప్పమన్న లోపాలు చెప్తే చాలు, చెప్పకపోవడం వేరు దాచడం వేరు. యాంటీపేటర్ అంటాడు, మనుషులందరి మేలూ ఒకటే అయినప్పుడు వాళ్ళకి అవసరమైనది తెలిసీ ఎలా ఊరుకుంటావు. సిసెరో రెండోవాడి పక్షం. ఆయన దృష్టిలో ఊరుకోవడం దాచడం ఎప్పుడవుతుందంటే, ఎవరికి తెలియడం అవసరమో వాళ్ళకి తెలియకపోతే నాకు లాభం అనుకున్నప్పుడు. నాకు ఈ గీత బాగా పనికొచ్చింది. నా లాప్‌టాప్ మూత మీద ఏ తాలూకు గీతలున్నాయో నేను చెప్పకపోయినా దాచినట్టు కాదు. ఆ అక్టోబరు తేదీ చెప్పకపోతే దాచినట్టే. అది అవతలివాడికి తెలియకపోవడంలో నాకు రెండు మూడు వేలున్నాయి.

ఇంతవరకూ "చెప్పాలి" అనే తేలింది. కానీ ఏం చెప్పాలి? పాత వస్తువులో లోపాలు వందుంటాయి. అన్నీ ఏకరువు పెట్టడం కూడా ఒకరకం దాపరికమే. ఆ జాబితాలో అసలుది మునిగిపోతుంది. ఈ చిక్కు నాకు ఒక కుర్రాడు వచ్చినప్పుడు బాగా అర్థమైంది.

నాగర్‌కర్నూలు వైపు నుంచి వచ్చి కోఠిలో బీకామ్ కంప్యూటర్స్ చదువుతున్నాడు. మా వీధిలోనే హాస్టల్ గది. వాళ్ళ బావని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన మొబైల్ దుకాణంలో పనిచేస్తాడట. నేను అడిగింది పద్నాలుగు వేలు. కుర్రాడు అందరూ అడిగే ప్రశ్నే అడిగాడు. మ్యాక్ తీసుకున్నానని చెప్పి, "నువ్వెందుకు కొంటున్నవ్ తమ్మీ?" అన్నాను. ఆ ప్రశ్న ఎదురుచూడలేదు. కాస్త తడబడి చెప్పాడు: "టాలీ నేర్సుకోవాలె అన్నా. మళ్ళ మా అమ్మ ఊర్ల మహిళా సంఘం లెక్కలు రాస్తది. బ్యాంకు పనులు గూడ దీంట్లనే చేద్దామని."

ఆ రెండో వాక్యంతో మిషన్ మారిపోయింది. సినిమాలు చూసుకునేవాడికి, కథలు రాసుకునేవాడికి విండోస్ 10 ఆగిపోవడం పెద్ద విషయం కాకపోవచ్చు. లినక్స్ వేసుకుని వాడుకునేవాడికైతే అసలు లోపమే కాదు. స్వేచ్ఛ లాంటి సంస్థలు ఈ నగరంలోనే ఇరవై ఏళ్ళుగా తెలుగులో లినక్స్ గురించి చెప్తున్నాయి. అలాంటి పాత మిషన్ మీద అది హాయిగా నడుస్తుంది, అప్‌డేట్లూ వస్తాయి. కానీ ఈ అబ్బాయికి కావలసింది టాలీ, అది విండోస్ మీద నడిచేది. వాళ్ళమ్మ రాసేది పదిమంది ఆడవాళ్ళు కూడబెట్టుకున్న డబ్బు లెక్క. వాచ్‌మన్ లేని ఇంట్లో సంఘం పెట్టె పెట్టడానికి అతను పైసలు తెచ్చాడు.

చెప్పాను. బ్యాటరీ గంట కూడా ఆగదని, మూత కుడివైపు కీలు వదులని, విండోస్ 11 పడదని. తెర మీద ఆ హెచ్చరిక కూడా తీసి చూపించాను. ఏడాది పొడిగింపు సంగతి చెప్పాను, ఆ తర్వాత ఏమీ ఉండదని కూడా చెప్పాను. బ్యాంకు పనికైతే ఇంకో నాలుగైదు వేలు వేసుకుని ఎనిమిదో తరం పైది చూసుకొమ్మన్నాను. కుర్రాడు శ్రద్ధగానే విన్నాడు. బావ మొహం మాత్రం మారుతూ వచ్చింది. చివరికి నవ్వుతూనే అన్నాడు: "ఇన్ని చెప్తున్నవంటే చెప్పనియి ఇంకెన్నున్నయో!" ఆలోచించుకుని చెప్తామని వెళ్ళిపోయారు. ఆ మాటకి అర్థమేమిటో బజారులో అందరికీ తెలుసు.

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన చూసిన బజారు అలాంటిది. జార్జ్ ఆకెర్‌లాఫ్ అనే అర్థశాస్త్రవేత్త 1970లో సెకండ్ హ్యాండ్ కార్ల బజారు గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. 2001లో ఆయనకి నోబెల్ రావడానికి ప్రధాన కారణం అదే. ఆయన చెప్పింది ఇది. మంచి కారేదో చెడ్డదేదో కొనేవాడు తేల్చుకోలేకపోతే, ప్రతి కారునీ చెడ్డదయ్యే అవకాశం కలుపుకునే ధర కడతాడు. ఆ ధరకి మంచి కారున్నవాడు అమ్మడు, బజారు నుంచి తప్పుకుంటాడు. అప్పుడు మిగిలినవాటిలో చెడ్డవి ఇంకా ఎక్కువ, ధర ఇంకా తక్కువ. చివరికి నిజం చెప్పేవాడికి చోటే ఉండదు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని మనవాళ్ళు ఎందుకన్నారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఇక్కడే మౌనానికి అన్నిటికంటే బలమైన సమర్థన దొరుకుతుంది. కొనేవాడు నేను అబద్ధం చెప్తున్నాననుకునే ధర తగ్గించాడు. అంటే నా అబద్ధం ఖరీదు ముందే నా దగ్గర వసూలు చేశాడు. ఆ తర్వాత కూడా నేను లోపం చెప్తే ఇంకోసారి తగ్గిస్తాడు. ఒక లోపానికి రెండుసార్లు ఎందుకు కట్టాలి? అందరూ దాస్తారని అందరికీ తెలిసిన చోట దాచడం ఆటలో నియమం లాంటిది, పేకాటలో ముక్కలు చూపించకపోవడం లాంటిది, అందులో మోసమేముంది?

ఈ వాదాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. నిజం చెప్పేవాడి మీద బజారు వేసే ఈ జరిమానా నిజంగానే ఉంది. కానీ పేకాటలో నలుగురికీ ఆట తెలుసు. ఇక్కడ బావకి తెలుసు, కుర్రాడికి తెలియదు. అబద్ధం ఖరీదుని ముందే తగ్గించుకోగలిగేది బజారు తెలిసినవాడు. తెలియనివాడు అడిగినంతా ఇచ్చి, ఆ తర్వాత అబద్ధం ఖరీదు కూడా తనే కడతాడు. "సగటున" అందరూ జాగ్రత్తపడతారు అనే మాటలో మొదటిసారి కొనేవాడు కనిపించడు. అతనికి బావ లేకపోతే? బావకి ఆ అక్టోబరు తేదీ సంగతి తెలియకపోతే? అందుకే లోపం చెప్పే బాధ్యత అందరి పట్లా ఒకే బరువుతో ఉండదని నాకనిపిస్తుంది. కొనేవాడికి ఎంత తక్కువ తెలిస్తే అంత బరువు. అతనికి ఎంత తెలుసో, ఎందుకు కావాలో కనుక్కోకుండా మన బాధ్యత ఎంతో మనకే తెలియదు. కాబట్టి అమ్మేవాడి పని చెప్పడంతో మొదలు కాదు, అడగడంతో మొదలవుతుంది.

వాడకం తెలియకుండా లోపం తెలియదన్న మాట మా పేటలో ఒక తరం కళ్ళారా చూసింది. ప్లాట్‌ఫారం అనే మాటకి కంప్యూటర్ అర్థం రాకముందు గౌలిగూడలో దానికి బస్సులాగే చోటు అనే అర్థం. ఆ బస్సులు ఆగినది ఒక విమానాల షెడ్డులో. మిసిసిపీ హ్యాంగర్ అని పిలిచేవారు. 1932లో 27 బస్సులతో నిజాం ప్రభుత్వం రోడ్డు రవాణా మొదలుపెట్టిన కాలం నాటి సంగతి. విమానాల కోసం తయారైన ఇనుప గుమ్మటం దశాబ్దాల పాటు బస్సులకి నీడనిచ్చింది. విమానాలకి కావలసిన వెడల్పే బస్సులకీ పనికొచ్చింది. ఇమ్లీబన్‌లో పెద్ద బస్ స్టేషన్ వచ్చాక కూడా సిటీ బస్సులు అక్కడి నుంచి తిరిగేవి. 2018 జులై 5న అది కుప్పకూలింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకంటే దాని స్థితి బాగాలేదని గమనించి కొద్ది రోజుల ముందే బస్సుల్ని, జనాన్ని అక్కడి నుంచి పంపేశారు. ఖాళీ షెడ్డుగా ఉంటే ఆ ఒరగడం ఒక ఇంజనీరింగ్ సంగతి. కింద ప్రయాణికులు నిలబడతారు కాబట్టి అది చెప్పి తీరవలసిన సంగతైంది.

మళ్ళీ నా లాప్‌టాప్ దగ్గరికి. వారం చూసి ఆబిడ్స్ వైపు ఒక దుకాణానికి తీసుకెళ్ళాను. అంతకుముందు రాత్రంతా డిస్క్ తుడవడానికే సరిపోయింది. ఫైల్ డిలీట్ చేస్తే పోదు కదా, దాని చిరునామా మాత్రమే చెరుగుతుంది. అందుకని పద్ధతిగా మొత్తం చెరిపి, విండోస్ మళ్ళీ ఎక్కించాను. నావే కాదు, మిత్రులు చదవమని పంపిన అచ్చుకాని కథలు, బంధువుల ఆధార్ కాపీలు, ఎవరెవరివో పెళ్ళి ఫోటోలు అందులో ఉన్నాయి. పాత పుస్తకంలో మిగిలిన గుర్తు అందం, పాత డిస్కులో మిగిలిన గుర్తు ప్రమాదం. ఆ పని చేస్తున్నంతసేపూ ఒక విషయం మనసులో తిరుగుతూనే ఉంది. అమ్మేవాళ్ళం ఎవరం చూసినా ఈ తుడుపు పని మీద ఎంత శ్రద్ధ పెడతామో! నా నుంచి అవతలివాడికి ఏం వెళ్ళకూడదో దాని కోసం ఒక రాత్రి. అవతలివాడికి ఏం తెలియాలో దానికి రెండు నిమిషాలు కష్టం.

దుకాణదారు మూత తెరిచి, మూసి, కీలు కదిపి, సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ పేరు చూసి నాలుగు నిమిషాల్లో తొమ్మిదిన్నర వేలన్నాడు. ఎందుకమ్ముతున్నావని అడగలేదు. అడగనవసరం లేని మనిషి అతను. నేను ఒక చీటీ మీద మూడు లోపాలూ రాసి తీసుకెళ్ళాను, కొనేవాళ్ళకి చెప్పమని ఇచ్చాను. చదివాడు. నవ్వాడు. "సబ్‌కో మాలూమ్ హై భాయ్" అని సొరుగులో వేసుకున్నాడు.

అందరికీ తెలుసు. ఆ "అందరి"లో నాగర్‌కర్నూలు కుర్రాడు లేడు. అదే మిషన్ అదే అబ్బాయి చేతికి పన్నెండు వేలకి వెళ్ళి ఉండొచ్చు. ఇంకో ఊరి ఇంకో అబ్బాయి చేతికైనా వెళ్ళి ఉండొచ్చు. అలా జరిగుంటే నేను చెప్పిన నిజం చేసిందల్లా నా నాలుగున్నర వేలు మధ్యలో పంచడమే. కొంత దుకాణానికి, కొంత కొత్త కొనుగోలుదారుకి. లోపం మాత్రం మౌనంగా అవతలికి వెళ్ళిపోయింది.

అయితే నిజం చెప్పడం దండగా? దుకాణం చేతిలో పెట్టాక నా బాధ్యత తీరిందని అనుకోవడం తేలిక. తెలిసినవాడికే అమ్మాను, అతనేం చేసుకుంటే అతనిష్టం. ఈ మాటతో నేను సమాధానపడలేకపోతున్నాను, ఎందుకంటే దుకాణదారు తన కోసం కొనలేదని నాకు తెలుసు. నేను అమ్మింది అతనికి కాదు, అతని ద్వారా అమ్మాను. అట్లాగని ఆ సొరుగులోంచి చీటీని బయటికి తీసే శక్తి నాకు లేదు. ఒక మనిషి మంచితనం ఒక చెయ్యి దాటి రెండో చేతికి వెళ్ళేసరికే అరిగిపోతుందంటే, మిగతాది మంచితనం మీద వదిలే పని కాదన్నమాట.

అర్థశాస్త్రంలో కౌటిల్యుడు ఇలాంటి సందర్భానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. దాని పేరు విక్రీతక్రీతానుశయం. అమ్మినదాని, కొన్నదాని విషయంలో అనుశయం. అనుశయమంటే పశ్చాత్తాపం. బేరం అయ్యాక మనసు మార్చుకోవడానికి గడువులున్నాయి అందులో: వర్తకులకి ఒక రాత్రి, సేద్యగాళ్ళకి మూడు, పశువులు కాసేవాళ్ళకి అయిదు. జబ్బుపడ్డ పశువుని ఆరోగ్యంగా ఉందని చెప్పి అమ్మితే జరిమానా. ఆ పుస్తకంలోని లోకం మనకి ఆదర్శమేం కాదు. మనుషుల్ని కూడా అమ్మకపు సరుకుగా లెక్కపెట్టిన అధ్యాయమది. అయినా ఆ గడువుల వరస చూడండి. సరుకు గురించి బాగా తెలిసిన వర్తకుడికి తక్కువ రోజులు, వ్యాపారం తెలియని రైతుకీ కాపరికీ ఎక్కువ. తెలియనివాడికి ఎక్కువ గడువు. బహుశా ప్రతి సరుకు స్వభావం బయటపడడానికి పట్టే కాలం కూడా అందులో ఉందేమో. ఏదేమైనా, మోసపోయానని తెలుసుకోవడానికి కొంత వ్యవధి ఇవ్వాలన్న ఆలోచన ఉంది. ఇప్పుడు వారంటీ ఇచ్చి రీఫర్బిష్డ్ మిషన్లు అమ్మేవాళ్ళు చేస్తున్నదీ ఒకరకంగా అదే. ఆకెర్‌లాఫ్ కూడా గ్యారంటీ గురించి మాట్లాడింది ఇందుకే. సొరుగులోకి పోలేని చీటీలు కావాలి. సెకండ్ హ్యాండ్ మిషన్ మీద దాని అప్‌డేట్ల గడువు, మందుసీసా మీద తేదీ రాసినట్టు, రాసి తీరాలన్న నియమం ఉంటే దుకాణదారు నవ్వే అవకాశం ఉండేది కాదు.

ఆ నియమం వచ్చేదాకా మన చేతిలో ఉన్నది చాలా చిన్న పని. నా కొత్త మిషన్‌కీ ఒక తేదీ ఉంటుంది. ఏ కంపెనీ అయినా కొన్నేళ్ళకి పాత మిషన్లని వదిలేస్తుంది, మ్యాక్ అందుకు మినహాయింపేం కాదు. ఆ తేదీ దగ్గరపడ్డప్పుడు ఇంకోదానికి మారతాను, దీన్ని అమ్ముతాను, ఎందుకమ్ముతున్నావని ఎవరో అడుగుతారు. ప్లాట్‌ఫారం మారే స్తోమత ఉన్నవాళ్ళం ఎప్పుడూ తేదీకి కాస్త ముందు దిగిపోతాం. మన వెనక ఎక్కేవాడికి ఆ బస్సు ఎక్కడిదాకా పోతుందో చెప్పి దిగాలి. చెప్పాలంటే ముందు అతను ఎక్కడికి పోవాలో అడగాలి.

ఆ కుర్రాడు ఈపాటికి ఎక్కడో ఒక లాప్‌టాప్ కొనుక్కునే ఉంటాడు. టాలీ పరీక్ష అయిపోయి ఉంటుంది. ఇంకో మూడు నాలుగేళ్ళకి ఉద్యోగం వచ్చి, దాన్ని అమ్మి ఇంకోటి కొంటాడు. వాళ్ళ ఊరి నుంచే వచ్చిన ఏ చిన్న పిల్లవాడో అన్నా అని పిలిచి అందరూ అడిగే ప్రశ్నే అడుగుతాడు. అతను ఏదో ఒక జవాబు చెప్తాడు. తిరిగి అడుగుతాడా లేదా అన్నది నాకు తెలిసే మార్గం లేదు.